"లేదు"కీ "లేక"కీ నడుమ

"గత్యంతరం లేదు" అంటాం. "గత్యంతరం లేక చేశాను" అనీ అంటాం. మొదటి మాట పరిస్థితి ఏమిటో చెప్పి ఊరుకుంటుంది. రెండోది ఇంకో అడుగు ముందుకు వేసి కారణం చెబుతుంది. వేరే దారి లేకపోవడమే నాచేత ఈ పని చేయించింది అని ఆ "లేక" సాక్ష్యం పలుకుతుంది. రోజూ వాడే ఈ రెండు మాటల మధ్య ఎంత ఎడం ఉందో నాకు ఒక ఇంగ్లీషు వ్యాసం చదివాకే తెలిసింది. రాసినాయన హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్. అమెరికా తత్త్వవేత్త, 1929లో పుట్టి 2023లో పోయాడు. 'ఆల్టర్నేట్ పాసిబిలిటీస్ అండ్ మోరల్ రెస్పాన్సిబిలిటీ' అనే ఆ వ్యాసం 1969 డిసెంబరులో 'జర్నల్ ఆఫ్ ఫిలాసఫీ'లో అచ్చయింది. 829వ పేజీలో మొదలై 839లో అయిపోతుంది. ఆ పదకొండు పేజీలు ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. చదివిన ప్రతిసారీ మంచి వడ్రంగి చేసిన తలుపును మూసి తెరిచి, మళ్ళీ మూసి చూసుకున్నట్టు ఉంటుంది.

ఆ తలుపు ఏ ఇంటిదో ముందు చెప్పాలి. ప్రతి సంఘటనకూ అంతకుముందు సంఘటనలే కారణమైతే, ఈ పూట నేను తీసుకున్న నిర్ణయానికి నేను పుట్టకముందే బీజం పడి ఉండాలి. ఒక్క క్షణంలో విశ్వంలోని ప్రతి వస్తువు స్థితినీ, పనిచేస్తున్న ప్రతి బలాన్నీ ఎరిగిన బుద్ధి ఒకటి ఉంటే, దానికి భవిష్యత్తు కూడా గతంలాగే కళ్ళెదుట ఉంటుందని 1814లో లాప్లాస్ రాశాడు. అదే నిజమైతే తప్పు చేసినవాణ్ణి నిలదీయడం ఎలా? అతను వేరేలా చేయగలిగేవాడే కాదు కదా! ఈ ప్రశ్న దగ్గర తత్త్వవేత్తలు రెండుగా చీలిపోయారు. వేరేలా చేయలేడు గనక బాధ్యత లేదని ఒకరు. "చేయగలిగేవాడు" అంటే "చేయాలనుకుని ఉంటే చేసేవాడు" అని అర్థం చెప్పుకుంటే చిక్కు తీరిపోతుందని ఇంకొకరు. ఈ రెండో దారి 1912లో జి.ఇ. మూర్ తొక్కాడు. 1956లో జె.ఎల్. ఆస్టిన్ ఆ దారిలోని గుంతలన్నీ చూపించాడు. దశాబ్దాల తరబడి పోట్లాటంతా "చేయగలగడం" అనే ఒక్క క్రియ చుట్టూ తిరిగింది.

ఫ్రాంక్‌ఫర్ట్ ఈ పోట్లాటలో ఏ పక్షమూ చేరలేదు. ఇద్దరూ ఏ చాప మీద కూర్చుని వాదించుకుంటున్నారో చూశాడు. వేరేలా చేయగలిగి ఉన్నప్పుడే మనిషి తన పనికి బాధ్యుడు: ఈ మాట దగ్గర ఇద్దరికీ పేచీ లేదు. అంతవరకూ ఎవరూ విడిగా చేతిలోకి తీసుకుని చూడని ఆ మాటకు ఆయన ఒక పేరు పెట్టాడు. తెలుగులో నేను దాన్ని 'గత్యంతర సూత్రం' అంటాను. పేరు పెట్టగానే అది ఒక వస్తువైంది, బరువు చూడటానికి వీలైంది. మొదటి పేజీలోనే, గొంతు పెంచకుండా, అది తప్పు అని చెప్పేస్తాడు. ఇంత పెద్ద మాట అనేశాక చాలామంది రచయితలు అక్కడి నుంచి పరుగెత్తుతారు. ఈయన అక్కడి నుంచే నెమ్మదిస్తాడు.

జోన్స్ అనే మనిషి ఉన్నాడు. ఏదో ఒక పని చేద్దామని తన కారణాలతో తానే నిర్ణయించుకున్నాడు. అంతలో ఇంకొకడు వచ్చి, సరిగ్గా ఆ పనే చెయ్యమని, చెయ్యకపోతే ఘోరమైన శిక్ష తప్పదని బెదిరించాడు. బుద్ధి ఉన్నవాడెవడైనా లొంగిపోయేంత శిక్ష. జోన్స్ ఆ పని చేశాడు. మరి బాధ్యుడా, కాడా?

ఆ పని ఏమిటో వ్యాసంలో ఎక్కడా చెప్పడు. తర్వాత ఈ దారిన నడిచినవాళ్ళు ఆ ఖాళీని హత్యలతో, ఓట్లతో నింపారు. వాళ్ళను తప్పుపట్టను గానీ, ఆ ఖాళీ ఫ్రాంక్‌ఫర్ట్ పనితనం. పని హత్య అని చెప్పి ఉంటే మన కోపం జోన్స్ మీదికి పోయేది. దానం అని ఉంటే మెచ్చుకోలు పోయేది. రెండూ లేవు గనక, పనికీ దాని కారణానికీ మధ్య ఉన్న ముడి ఒక్కటే మన కంటికి మిగులుతుంది.

ఇక ఆ జోన్స్‌నే వరసగా మలుస్తూ పోతాడు. మొదటి జోన్స్ మొండివాడు. ఒకసారి అనుకున్నాక పిడుగు పడ్డా మానడు. బెదిరింపు అతని చెవినే పడనట్టు తన పని తాను చేశాడు. బాధ్యుడే, సందేహం లేదు. రెండో జోన్స్ హడలిపోయాడు. ఎంత హడలిపోయాడంటే, ఇంతకుముందు తానే ఆ నిర్ణయం తీసుకున్న సంగతి కూడా మరిచిపోయి, ఒక్క శిక్ష భయంతోనే చేశాడు. ముందటి నిర్ణయానికి అతన్ని ఏమైనా అనవచ్చు గానీ ఈ పనికి అనలేం. ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే బయటి నుంచి ఒక్కటే కనిపిస్తుంది: అదే నిర్ణయం, అదే బెదిరింపు, అదే పని. తేడా అంతా లోపల ఏది దేన్ని కదిలించిందన్న దగ్గరే ఉంది.

మూడో జోన్స్ దగ్గర చేతిపని ఇంకా సన్నబడుతుంది. ఇతను మొండివాడూ కాదు, పిరికివాడూ కాదు. బెదిరింపు ఎంత భయంకరమైనదో అతనికి బాగా అర్థమైంది. తన నిర్ణయం వేరుగా ఉంటే తప్పక లొంగిపోయేవాడే. కానీ నిర్ణయం అప్పటికే అయిపోయింది. ఏ కారణాలతో అనుకున్నాడో ఆ కారణాలతోనే చేశాడు. బెదిరింపు ఉంది, బలమైనదే, కానీ ఈ పనిని నడిపింది అది కాదు. ఇతన్ని బాధ్యుడంటామా? అంటాం. బెదిరింపుతో అతనికి వేరే దారి మూసుకుపోయిందనుకుంటే, గత్యంతర సూత్రం ఇక్కడే కూలిపోవాలి.

అక్కడితో ఆపేసి ఉంటే ఇది మంచి వ్యాసాల్లో ఒకటై ఉండేది. కానీ ఆయన తన గోడకు తానే భుజం ఆనించి చూస్తాడు. మూడో జోన్స్‌కు నిజంగా దారి మూసుకుపోయిందా? శిక్ష భరించడానికి సిద్ధపడి ఉంటే మానేయగలిగేవాడే కదా! ఎదుటివాళ్ళు ఈ మాట అంటారని తెలిసి, వాళ్ళకంటే ముందు తానే అని, అందులో పస ఉందని ఒప్పుకుని, అప్పుడు నాలుగో జోన్స్‌ను తీసుకొస్తాడు. నాకు ఈ వ్యాసంలో అన్నిటికంటే నచ్చే చోటు ఇదే. మొదటి ముగ్గురూ వృథా కాలేదు. నాలుగోవాణ్ణి చూడటానికి మన కళ్ళకు అలవాటు చేసి పక్కకు తప్పుకున్నారు.

నాలుగో జోన్స్ వెనక బ్లాక్ అనేవాడు ఉన్నాడు. జోన్స్ ఒక పని చేయాలని బ్లాక్ కోరిక, దానికి ఎంత దూరమైనా వెళ్తాడు. అయితే అనవసరంగా తన చెయ్యి బయటపెట్టుకోవడం ఇష్టం లేదు. అందుకని జోన్స్ మనసు తేల్చుకునే ఘడియ వరకూ కాచుకుని ఉంటాడు. జోన్స్ వేరేలా తేల్చుకోబోతున్నాడని స్పష్టంగా తెలిస్తేనే కలగజేసుకుంటాడు. కలగజేసుకుంటే ఇక తిరుగులేదు, జోన్స్ బ్లాక్ కోరినట్టే తేల్చుకుంటాడు, కోరిన పనే చేస్తాడు. మందు పోస్తాడో, మైమరపిస్తాడో, మెదడులో సూక్ష్మమైన నాడులనే సర్దుతాడో మీకు నచ్చినట్టు ఊహించుకోమంటాడు ఫ్రాంక్‌ఫర్ట్. అసలు బ్లాక్ మనిషే కానక్కర్లేదు, యంత్రమైనా సరే, ఎవరి ఉద్దేశమూ లేని ప్రకృతి శక్తులైనా సరే అని కూడా అంటాడు. జరిగింది మాత్రం ఇది: జోన్స్ తన కారణాలతో తానే అదే నిర్ణయం తీసుకున్నాడు, అదే పని చేశాడు. బ్లాక్ వేలు కూడా కదపలేదు.

జోన్స్‌కు వేరే దారి లేదు, అయినా పని అతనిదే. బ్లాక్‌ను కథలోంచి తీసేసి చూడండి, జరిగినదాంట్లో వెంట్రుకవాసి మార్పు ఉండదు.

ఇలాంటి కల్పన అంతకుముందు లేకపోలేదు. జాన్ లాక్ 1690 నాటి తన ఉద్గ్రంథం రెండో భాగం, ఇరవై ఒకటో అధ్యాయంలో ఒక గది కట్టాడు. నిద్రపోతున్న మనిషిని ఎత్తుకెళ్ళి, అతను ఎంతగానో చూడాలనుకున్న వ్యక్తి ఉన్న గదిలో పడుకోబెట్టి, బయట తాళం వేశారు. మెలకువ వచ్చాక అతను ఆనందంగా అక్కడే ఉండిపోయాడు. ఇష్టపడి ఉన్నాడు, కానీ వెళ్ళడానికి వీల్లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ ఈ తాళాన్నే వాకిలి మీద నుంచి తీసి సంకల్పం మీద వేశాడని నాకు అనిపిస్తుంది. లాక్ మనిషి కనీసం వెళ్దామని అనుకోగలడు, తలుపు లాగి చూడగలడు. నాలుగో జోన్స్‌కు ఆ అనుకోవడం కూడా కుదరదు. ఇదే కాలంలో ఫ్రాంక్‌ఫర్ట్ డెకార్ట్ ధ్యానాల మీద ఒక పుస్తకం రాశాడు, 1970లో వచ్చింది. మనిషిని అన్నిటా మోసగించే డెకార్ట్ మాయావి భూతానికి ఈ బ్లాక్ దగ్గరి చుట్టమేమో! అయితే ఆ భూతానికి క్షణం తీరిక ఉండదు. బ్లాక్ కూర్చుని చూస్తాడు, అంతే. తాను ఈ ఉదాహరణ అల్లుకున్నాక, అలాంటిదే రాబర్ట్ నోజిక్ కొన్నేళ్ళ ముందే తన ఉపన్యాసాల్లో చెప్పాడని తెలిసిందని ఫ్రాంక్‌ఫర్ట్ పేజీ కింద ఒక ముక్క రాసుకున్నాడు. ఆ నిజాయితీ కూడా పనితనంలో భాగమే.

మన ఇళ్ళలోకి తెచ్చి చూద్దాం. అక్కకు ఆపరేషన్ అయింది, చెల్లెలు చూడటానికి వచ్చింది. సాయంత్రం అక్క ముఖం చూసి, ఈ రాత్రికి ఇక్కడే ఉంటాను అనుకుంది. ఉండిపోయింది. తెల్లవారాక తెలిసింది, నిన్న వాళ్ళ ఊరికి వెళ్ళే ఆఖరి బస్సు రానే లేదట. అంటే ఆ రాత్రి ఆమె వెళ్దామన్నా వెళ్ళలేదు. ఇప్పుడు ఎవరైనా "బస్సు లేక ఉండిపోయిందిలే" అంటే ఆ చెల్లెలి మనసు చివుక్కుమనదూ? బస్సు లేని మాట నిజమే. "లేక" అన్నదే అబద్ధం. ఫ్రాంక్‌ఫర్ట్ పదకొండు పేజీలూ ఆ చెల్లెలి పక్షాన నిలబడి రాసినవే అనిపిస్తుంది నాకు.

వ్యాసం గుండె బ్లాక్ కథ తర్వాత వస్తుంది. చాలామంది కథ గుర్తుంచుకుని దీన్ని మరిచిపోతారు. ఒక పరిస్థితి పనిని తప్పనిసరి చేయవచ్చు. అంతమాత్రాన ఆ పనిని పుట్టించింది అదే కానక్కర్లేదు. ఈ రెండూ వేరు. మామూలుగా రెండూ కలిసే వస్తాయి గనక మనం ఒకటే అనుకుంటాం. "వేరే దారి లేకపోయింది" అని ఎవరైనా అన్నప్పుడు మనం క్షమించేస్తాం. ఎందుకు? అతను ఆ పని ఎందుకు చేశాడో ఆ మాట చెబుతోందని నమ్ముతాం గనక. అది చెప్పకపోతే, దాన్ని తీసేసినా పని అలాగే జరిగేదైతే, దానికి సాకుగా నిలబడే బలం ఎక్కడిది?

కార్యకారణ చర్చ ఎరిగినవాళ్ళు ఇక్కడ ఉలిక్కిపడి చూస్తారు. కారణం లేకపోతే కార్యం జరిగేది కాదు అన్నది డేవిడ్ హ్యూమ్ 1748లో అని వదిలేసిన ఒక సూచన. దాన్ని డేవిడ్ లూయిస్ 1973లో, అదే 'జర్నల్ ఆఫ్ ఫిలాసఫీ'లో, పూర్తి సిద్ధాంతంగా నిలబెట్టాడు. ఆ సిద్ధాంతాన్ని మొదటి నుంచీ పీడించిన చిక్కు ఏమిటంటే, వెనక కాచుకుని ఉండే రెండో కారణం. ఇంట్లో లైటు వెలుగుతోంది. గోడవారన ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోయినా లైటు ఆరదు. మరి లైటు వెలగడానికి కరెంటు కారణం కాదంటామా? తీగలో పారుతున్నది కరెంటే. ఇన్వర్టర్ లైటు ఆరకుండా చూస్తుంది, వెలిగించడం లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ బ్లాక్ సరిగ్గా ఆ ఇన్వర్టరే. లైటుకు బదులు మనిషి నిర్ణయాన్ని పెట్టాడు.

పదిహేడో శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం దగ్గర కూర్చుని చదువుకున్నవాళ్ళకు 'అన్యథాసిద్ధం' అన్న మాట తెలిసే ఉంటుంది. కార్యానికి ముందు ఉన్నదల్లా కారణం కాదు. కుండకు ముందు కుమ్మరి ఉన్నాడు, చక్రం ఉంది, కర్ర ఉంది, కుమ్మరి తండ్రి కూడా ఉన్నాడు, మట్టి మోసుకొచ్చిన గాడిద కూడా ఉంది. చివరి రెండింటినీ నైయాయికులు కారణాల పంక్తిలోంచి లేపేస్తారు. నాలుగో జోన్స్ కథ చదువుతుంటే నాకు ఆ గాడిదే గుర్తొస్తుంది. పాపం అది మట్టయినా మోసింది. బ్లాక్ అదీ చేయలేదు. ఈ పోలికను ఇంతకంటే లాగడం సరికాదు. నైయాయికుల ప్రశ్న కుండ ఎలా అయిందని, ఫ్రాంక్‌ఫర్ట్ ప్రశ్న ఎవరు జవాబు చెప్పాలని. కానీ ఉన్నదాన్నీ చేసినదాన్నీ వేరు చేసి చూసే ఆ కన్ను ఒకటే.

మరి ఈ తలుపుకు ఎక్కడా సందు లేదా? ఉంది. యాభై ఏళ్ళుగా సుత్తి దెబ్బలన్నీ ఒకే చోట పడ్డాయి. జోన్స్ ఏం తేల్చుకోబోతున్నాడో బ్లాక్‌కు ముందే ఎలా తెలుస్తుంది? బ్లాక్ అలాంటివి కనిపెట్టడంలో దిట్ట అని ఫ్రాంక్‌ఫర్ట్ ఒక్క మాట అని ముందుకు సాగిపోతాడు. రాబర్ట్ కేన్ 1985లో, డేవిడ్ విడర్కర్ 1995లో ఆ ఒక్క మాటను పట్టుకున్నారు. నిర్ణయానికి ముందు జోన్స్ ముఖంలోనో మెదడులోనో కనిపించే సూచన ఆ నిర్ణయాన్ని ఖాయం చేసేదైతే, నిర్ణయం ముందే నియతమై ఉందని ఒప్పుకున్నట్టే. అలాంటి జోన్స్‌ను బాధ్యుడని, అంతా నియతమైతే బాధ్యతే లేదనే పక్షం ఎందుకు అంటుంది? ఖాయం చేయనిదైతే, ఆఖరి క్షణంలో జోన్స్ వేరేలా తేల్చుకునే వీలు మిగిలే ఉంది. ఇన్వర్టర్ కరెంటు పోయాక అందుకుంటుంది, పోబోతోందని ముందే తెలుసుకోదు. బ్లాక్‌కు మాత్రం ముందే తెలియాలి. జాన్ మార్టిన్ ఫిషర్ అన్న మాట కూడా ఉంది: అందుకునే ముందు లైటు ఒక్కసారి మిణుకుమన్నట్టు, జోన్స్‌కు ఎక్కడో ఒక మిణుకంత స్వేచ్ఛ మిగులుతుందని కొందరు అంటారని. అంత సన్నని మిణుకు మీద బాధ్యత మోపడం కుదరదని ఆయనే 1994 పుస్తకంలో జవాబు చెప్పాడు.

1998లో ఆల్‌ఫ్రెడ్ మీలీ, డేవిడ్ రాబ్ ఇంకో రకం బ్లాక్‌ను తయారుచేశారు. ఇతను సూచన కోసం కాచుకోడు. జోన్స్ మెదడులో తన ప్రక్రియను జోన్స్ ఆలోచనతో పాటే నడిపిస్తుంటాడు. జోన్స్ తానే నిర్ణయానికి వస్తే అది దారి తప్పుకుంటుంది, రాకపోతే అదే నిర్ణయం పుట్టిస్తుంది. తెలివైన పనే. కానీ మొదటి బ్లాక్‌లోని నిశ్శబ్దం ఇందులో లేదు. నాకు కేన్, విడర్కర్‌ల ఆక్షేపణ బలమైనదే అనిపిస్తుంది. స్వేచ్ఛకు అనియతి తప్పనిసరి అనే మనిషిని ఫ్రాంక్‌ఫర్ట్ ఒక్క నాలుగో జోన్స్‌తో ఒప్పించలేడు. అయినా ఆ ఆక్షేపణ కథను తాకుతుందే తప్ప, కథ తర్వాత వచ్చిన విడదీతను తాకదు. తప్పనిసరి చేయడం, పుట్టించడం ఒకటి కాదన్న మాట బ్లాక్ పడిపోయినా నిలబడే ఉంటుంది. ఆ చెల్లెలు అక్క దగ్గర గడిపిన రాత్రి దానికి చాలు.

చివరి పేజీల్లో ఆయన గత్యంతర సూత్రాన్ని పారేయడు, సరిదిద్దుతాడు. వేరేలా చేయలేడు గనక *మాత్రమే* ఒక పని చేసినవాడు దానికి బాధ్యుడు కాడు. అంటే కేవలం "గత్యంతరం లేక" చేసినవాడు. అంతకుముందు సంఘటనలే ప్రతిదాన్నీ నిర్ణయిస్తాయనే నియతివాదమే నిజమైనా మనిషిని బాధ్యుణ్ణి చేయడానికి ఈ కొత్త సూత్రం అడ్డురాదని ఆయన అభిప్రాయం. ఇక్కడ "మాత్రమే" అన్న మాట మోస్తున్న బరువు చూడండి. తప్పించుకోలేని పరిస్థితి ఉంది, అది పనిలో కొంత పాలు కూడా పంచుకుంది, అయినా ఆ మనిషి మనసారా కోరుకున్నది అదే, కోరుకున్నాడు గనకే చేశాడు. ఇవన్నీ ఒకేసారి నిజం కావచ్చంటాడు. కావచ్చు. కానీ "మనసారా కోరుకోవడం" అంటే ఏమిటి? కోరిక నాదని ఎప్పుడు అంటాను? ఈ వ్యాసంలో దానికి జవాబు లేదు, ఆ లోటు చదివేవాళ్ళకు తెలుస్తుంది.

ఆ లోటు రాసినాయనకూ తెలుసనుకుంటాను. పదమూడు నెలలు తిరిగేసరికి, 1971 జనవరిలో, అదే పత్రికలో ఆయన ఇంకో వ్యాసం రాశాడు. అందులో మత్తుమందుకు బానిసలైన ముగ్గురు వస్తారు. ఒకతను ఆ కోరికను అసహ్యించుకుంటాడు, పోరాడి ఓడిపోతాడు. ఇంకొకతనికి తన కోరికల గురించి ఏ అభిప్రాయమూ లేదు. మూడో అతను మాత్రం తన బానిసత్వాన్నే ఇష్టపడతాడు. ఆ కోరిక సడలితే దాన్ని మళ్ళీ పెంచుకోవడానికి తన చేతనైనదంతా చేస్తాడు. అతనికి మానే దారి లేదు. అయినా తనంతట తానే, తన ఇష్టంతోనే మందు తీసుకుంటాడని ఫ్రాంక్‌ఫర్ట్ అంటాడు. ఆ కోరిక వెనక వ్యసనమూ ఉంది, అతని సమ్మతీ ఉంది. నాలుగో జోన్స్ నిలబడ్డ చోటే ఇతనూ నిలబడ్డాడు, కానీ ఇతని బ్లాక్ పక్కగదిలో లేడు. రక్తంలో ఉన్నాడు, పైగా చేతులు కట్టుకుని కూర్చోకుండా ప్రతిరోజూ పనిచేస్తున్నాడు.